రుక్మిణమ్మ డీజిల్ బండి

మొన్న ఉదయం హోసూరు బంకులో డీజిల్ పోయించుకుని, ట్యాంకు మూత నేనే బిగించాను. బంకు మనిషి అప్పటికే వెనక బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. వేళ్ళకు డీజిల్ అంటుకుంది. కొంగుతో తుడుచుకుంటే కొంగుకూ అంటుకుంది. కారు ఎక్కి స్టీరింగు పట్టుకునేసరికి ఆ వాసన కారంతా నిండింది. చాలామందికి ఆ వాసన పడదు, తల తిరుగుతుందంటారు. నాకు మాత్రం ఎక్కడో కడుపులోంచి నవ్వొచ్చింది. పక్క సీట్లో ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "ఏంది మా, నీకు నువ్వే నవ్వుకుంటాండావు?" అంది. "రుక్మిణమ్మ పెద్దమ్మ గుర్తొచ్చింది," అన్నాను. అమ్మాయికి ఆమె మొహం లీలగా గుర్తుంది, కథ తెలియదు. చెప్పడం మొదలుపెట్టాను. కుందారపల్లి దాకా వచ్చేసరికి దాని కాలేజీ వచ్చేసింది. దిగి వెళ్ళిపోయింది. మొదలుపెట్టిన మాట లోపలే ఉండిపోయింది. అందుకని ఆమెను ఎన్నడూ చూడని మీకు కూడా తెలిసేట్టు మొత్తం రాస్తున్నాను.

మా పుట్టిల్లు కావేరిపట్టణం. పెళ్ళయి హోసూరు వచ్చినప్పుడు నాకు ఊరూ కొత్త, చలీ కొత్త. మా ఆయన ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఆయన పనికి వెళ్ళాక నేను గుమ్మంలో కూర్చుని వీధి చూసేదాన్ని. వీధి చివరి ఇల్లు రుక్మిణమ్మది. సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. శూలగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళు ఎంతమందో ఆమెకే తెలియదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాన్పులకు ఇంకొకరి బండి మీదే వెళ్ళింది. ఎద్దుల బండి, సైకిల్ వెనక సీటు, ఆసుపత్రి జీపు, ఏది దొరికితే అది. "ఆడ తల్లి నొప్పులు పడతా ఉంటాది, ఈడ డ్రైవరు టీ తాగతా ఉంటాడు. ఆ గడియలు నేను మరిచేది లేదు," అనేది. రిటైరైన వెంటనే ఆమె చేసిన మొదటి పని డ్రైవింగు నేర్చుకోవడం, రెండో పని ఒక పాత తెల్ల కారు కొనుక్కోవడం. ఆమె భర్త స్కూలు మాస్టరుగా చేసినాయన, చాలా నెమ్మదస్తుడు. ఆయన మాత్రం ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేవారు. ముందు కూర్చుంటే రోడ్డు కనిపిస్తుందట, భయమట.

ఒకరోజు నేను గుమ్మం దగ్గర బియ్యం చెరుగుతుంటే ఆమె కారు మా ఇంటి ముందు ఆగింది. అద్దం దించి, పలకరింపు కూడా లేకుండా అడిగింది. "ఏమ్మా, కారు తోలేది నేర్చుకుంటావా?"

"మాకు కారు లేదు పెద్దమ్మా," అన్నాను.

"కారుండేవాళ్ళే నేర్చుకోవాలని యాడన్నా రాసుండాదా? రేపు పొద్దున రా."

వెళ్ళాలా వద్దా అని ఆ రాత్రి మా ఆయన్ని అడిగాను. ఆయన వద్దనలేదు. నవ్వి, "లైసెన్సు తీసుకోని ఏం చేస్తావు, బొమ్మల కొలువులో పెట్టుకుంటావా?" అన్నాడు. చెడ్డ మనసుతో అన్నమాట కాదు. వీధిలో మగవాళ్ళందరూ అప్పుడు అలాగే మాట్లాడేవారు. రుక్మిణమ్మ కారు వెళ్తుంటే ఎదురింటి శెట్టిగారు అంగట్లోంచి బయటికొచ్చి, పిల్లల్ని లోపలికి రమ్మని కేకలు వేసేవారు. ఆమె హారన్ కొట్టి, చెయ్యి ఊపి పోయేది.

ఊరి బయట ఇళ్ళ కోసం ప్లాట్లు వేసి ఎవరూ కట్టుకోని చోటు ఒకటుండేది. అక్కడ నేర్పించేది. క్లచ్ వదిలితే బండి కప్పలాగా ఎగిరి ఆగిపోయేది. ఇలా ఆగిపోయిన ప్రతిసారీ నేను ఆమె మొహం వంక చూసేదాన్ని, తిడుతుందేమోనని. ఆమె తిట్టేది కాదు. అసలు బండి గురించే మాట్లాడేది కాదు. ఫలానా పల్లెలో కవల పిల్లలు పుట్టినప్పుడు తండ్రి సంతోషంతో పెరట్లో జామచెట్టెక్కి కూర్చున్నాడనీ, దిగడం రాక నిచ్చెన తెచ్చారనీ, అలాంటివి చెప్పేది. వినీ వినీ నేను నవ్వుతుంటే కాలు దానంతటదే మెత్తగా కదిలేది. ఒకసారి మెయిన్ రోడ్డు మీద పాలవ్యానుకు ఎదురుగా బండి ఆగిపోయింది. వ్యానువాడు హారన్ మీద హారన్. నాకు ఏడుపొచ్చింది. రుక్మిణమ్మ నింపాదిగా, "ఆగిపోయింది, అంతే కదా. ఆగిపోయిన బండి ఎవుర్నీ కొట్టదు. మెల్లగా స్టార్ట్ చెయ్యి, ఆయప్ప కాసేపు వాయించుకుంటాడు," అంది. ఆ మాటకు వ్యాను హారన్ నాకు పెళ్ళి బాజాలాగా వినిపించింది. నాకు లైసెన్సు వచ్చింది. నాతోపాటు మా వీధిలో ఇంకొందరు ఆడవాళ్ళు కూడా ఆమె దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఆ పాత కారు ముసలిదైపోతే దాన్ని తీసేసి, తెలిసినవాళ్ళ దగ్గర ఇంకో కారు తీసుకుంది. అదీ తెల్లదే, చూడడానికీ ఇంచుమించు అలాగే ఉండేది. తేడా ఒక్కటే. పాతది పెట్రోల్ బండి, ఇది డీజిల్ బండి. ఇది గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే రోజు జరిగినదంతా ఈ ఒక్క తేడా వల్లే.

మా పక్కవీధిలో సుమతి అని ఒక అమ్మాయి ఉండేది. రుక్మిణమ్మ వెంటపడి మరీ దానిచేత నర్సు చదువు చదివించింది. పెళ్ళయినా చదువు ఆపనివ్వలేదు. ఆ సుమతికి సర్కారు ఉద్యోగానికి పిలుపొచ్చింది. సర్టిఫికెట్లు చూపించడానికి కృష్ణగిరి రమ్మన్నారు. చెప్పిన వేళకు అక్కడ లేకపోతే అంతే, ఇంకొకరిని పిలుస్తారు. సుమతి చంకలో అప్పటికి పాలు తాగే పసిబిడ్డ. మొగుడు కోయంబత్తూరులో పనిలో ఉన్నాడు. మామిడికాయల కాలం, ఎండలు మండిపోతున్నాయి. ఆ బిడ్డనేసుకుని బస్సుల్లో తిరగడం కుదరని పని. రుక్మిణమ్మ మా ఇంటికొచ్చి, "గీతా, రేపు సుమతిని కృష్ణగిరికి తీసకపోవల్ల. నువ్వు తోలు, నేను పక్కన కూర్చుంటా," అంది. హోసూరు దాటి హైవే మీద నేను ఎన్నడూ నడపలేదు. అది ఆమెకు తెలుసు. అందుకే నన్ను అడిగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

పొద్దున్నే బయలుదేరాం. శూలగిరి దాటేదాకా నా మెడ బిగుసుకుపోయే ఉంది. పక్కనుంచి లారీ పోతే బండి ఊగేది, నా గుండె కూడా దాంతోపాటు ఊగేది. వెనక సీట్లో సుమతి బిడ్డకు పాలిస్తూ, తన సర్టిఫికెట్ల కవరును మాటిమాటికీ తడుముకుంటూ కూర్చుంది. కుందారపల్లి దగ్గరికి వచ్చేసరికి డీజిల్ మీటరు ముల్లు కింద ఎర్రగీతను తాకుతోంది. "కృష్ణగిరిలో ఆ జనంలో వెతుక్కునేదెందుకు, ఈడే పోయించుకుందాం," అంది రుక్మిణమ్మ. బంకులోకి తిప్పి ఇంజన్ ఆపాను. ఆమె దిగి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, "పెట్రోల్ ఎయ్యప్పా," అని బంకు మనిషితో చెప్పింది. చెప్పి, వెనక తలుపు తీసి ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని నిలబడింది. బంకు మనిషి ఆమె చెప్పిందే పోశాడు. పైపు తీసి తగిలించాడు, మూత బిగించాడు. నేను తాళంచెవి మీద చెయ్యి పెట్టాను.

"గీతా, చెయ్యి తియ్యి. బీగం తిప్పొద్దు."

గొంతు పెంచలేదు. కానీ ఆమె అలా మాట్లాడడం అంతకుముందు నేను వినలేదు. వేడి పాత్ర మీదనుంచి తీసినట్టు చెయ్యి తీసేశాను. ఆమె బిడ్డను భుజాన వేసుకుని, ఆ పంపు మీద రాసి ఉన్నదాన్నే చూస్తోంది. మెల్లగా నా కిటికీ దగ్గరికి వచ్చింది. "డీజిల్ బండికి పెట్రోల్ పోయించినాను," అంది. దాచలేదు, నాలుక కరుచుకోలేదు. ఇవాళ ఎండగా ఉందన్నట్టు చెప్పింది.

బంకు మనిషి మొహం తెల్లబోయింది. అద్దాల గదిలోంచి మేనేజరు పరుగెత్తుకొచ్చి, "బండి చూసి ఎయ్యవా? కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని అతన్ని తిట్టబోయాడు.

రుక్మిణమ్మ మధ్యలోకి వచ్చింది. "ఆయన్ని ఏమీ అనొద్దప్పా. నేనే పెట్రోల్ అన్నాను. ఆయన నేను చెప్పిందే చేసినాడు. తప్పు నాది. ముందు బండి పక్కకు తోసేదానికి నలుగుర్ని పిలువు."

"ఇప్పుడేమవుతుంది పెద్దమ్మా?" అని అడిగాను.

"ఇంకా ఏమీ కాలేదు. పెట్రోల్ ట్యాంకులోనే ఉండాది, ఇంజన్‌లోకి పోలేదు. ట్యాంకులో ఉండేదాన్ని తీసెయ్యొచ్చు. నువ్వు బీగం తిప్పినావంటే అది లోపలికంతా పోతాది. అప్పుడు తీసేది కష్టం." ఆసుపత్రి జీపుకు ఒకసారి ఇలాగే అయిందట. కొత్త డ్రైవరు తెలియక స్టార్ట్ చేసి కొంతదూరం పోనిచ్చాడట. జీపు నెలలపాటు షెడ్డులో పడి ఉందట. ఆ నెలల్లో ఆమె పల్లెలకు ఎలా తిరిగిందో ఆమెకే తెలుసు.

తాళంచెవిని బయటికి తీయకుండా, అటూ ఇటూ తిప్పకుండా అలాగే ఉంచమంది. తీస్తే స్టీరింగు బిగుసుకుంటుంది. గేరు న్యూట్రల్‌లోకి వేయించింది. ఇంజన్ ఆగి ఉంటే బ్రేకు గట్టిగా ఉంటుంది, కాలు బలంగా నొక్కాలని చెప్పింది. నలుగురూ తోస్తే నేను స్టీరింగు పట్టుకుని, పంపులకు దూరంగా, గోడ పక్కన కారు నిలిపాను. నిలిపాక ఆమె తాళంచెవి తీసి తన అరచేతిలో పెట్టుకుంది. చేతి గడియారం చూసింది, సుమతి మొహం చూసింది. సుమతి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

అప్పుడే మామిడికాయల వ్యాను ఒకటి డీజిల్ కోసం లోపలికి వచ్చింది. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు, కృష్ణగిరి మండీకి వెళ్తున్నాడు. రుక్మిణమ్మ వెళ్ళి రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. అతను సుమతి చేతిలో కవరూ, రుక్మిణమ్మ భుజం మీద బిడ్డనూ చూసి, "ఎక్కండమ్మా, కలెక్టరాఫీసు దగ్గరే దించుతాను," అన్నాడు. డ్రైవరు పక్కన ఇద్దరికే చోటు. సుమతి లోపల ఆఫీసర్ల ముందు కూర్చుంటే బిడ్డను పట్టుకునేవాళ్ళు కావాలి. అది రుక్మిణమ్మే అవ్వాలి. ఆ సంగతి నాకు అర్థమయ్యేలోపే ఆమె తాళంచెవి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"మెకానిక్‌ను పిలిపించమని మేనేజరుకు చెప్పినాను. ట్యాంకు మొత్తం ఖాళీ చేయించు. అంతదాకా ఎవురు చెప్పినా ఇది తిప్పొద్దు. చెప్తారు, చూడు. మంచోళ్ళే చెప్తారు, నీకు సాయం చెయ్యాలనే చెప్తారు. అయినా తిప్పొద్దు."

"నేనొక్కదాన్నేనా పెద్దమ్మా?"

"బండి తోలింది నువ్వే కదా? బండి కాడ నువ్వే ఉండల్ల." అంతే. వ్యాను వెళ్ళిపోయింది. వెనక మామిడికాయల బుట్టల మీద కప్పిన గోనెపట్టా ఎగురుతూ కనిపించింది.

ఆమె అన్నట్టే జరిగింది. మొదట మేనేజరే వచ్చాడు. "పోసింది కొంచెమే కదమ్మా. మీద డీజిల్ నిండా పోస్తాను, కలిసిపోతాది. మెల్లగా పోండి, ఏమీ కాదు," అన్నాడు. టైర్లలో గాలి పట్టించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన నా అవస్థ చూసి జాలిపడ్డాడు. "ఎన్నో ఏండ్లుగా బండి తోలతాండాను తల్లీ, నా మాట విను. కొంచెం పొగ వస్తాది, అంతే," అన్నాడు. ఇద్దరూ మర్యాదస్తులు. ఇద్దరి మాటలోనూ కపటం లేదు. నాకంటే పెద్దవాళ్ళు, నాకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు. నేను తాళంచెవిని గుప్పిట్లో బిగించి, "లేదప్పా, ట్యాంకు తీసేదాకా తిప్పను," అంటూనే ఉన్నాను. అంటుంటే నా మాట నాకే పెంకితనంగా వినిపించింది.

అంతలో మా ఆయన ఫోన్ చేశాడు. రుక్మిణమ్మ దారిలోంచి ఆయనకు చెప్పిందట. "మేనేజరు ఏమంటాండాడు?" అని అడిగాడు. చెప్పాను. "తెలిసినవాళ్ళే చెప్తాండారు కదా గీతా. వాళ్ళు చెప్పినట్టు చేసి మెల్లగా వచ్చెయ్యి. అంతదూరంలో ఒక్కదానివి ఏం చేస్తావు?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. అదే ఎక్కువ కష్టమనిపించింది. పెళ్ళయిన తర్వాత ఆయన మాట నేను కాదనలేదు. కాదనవలసిన పని ఎప్పుడూ రాలేదు. ఈసారి అన్నాను.

"మీరు ఆడ ఉండారు. నేను ఈడ ఉండాను. ట్యాంకు ఖాళీ అయినాకనే తిప్పుతాను."

"సరి," అన్నాడు. "మెకానిక్ వచ్చినాక ఫోన్ చెయ్యి. ఏమన్నా తినినావా?"

తినలేదని చెప్తే ఎలా వినిపించిందో గానీ, ఇందాక తిట్లు తప్పించుకున్న బంకు మనిషి లోపలినుంచి ఒక కుర్చీ తెచ్చి గోడ నీడన వేశాడు. చెంబుతో నీళ్ళు, ఒక బిస్కెట్ పొట్లం పక్కన పెట్టాడు. "ఆ పెద్దమ్మ నాకు ఈ పొద్దు పెద్ద ఉపకారం చేసిందమ్మా," అని పనికి వెళ్ళిపోయాడు.

మెకానిక్ పేరు మునిరత్నం. మోపెడ్ దిగుతూనే, "స్టార్ట్ చేసినారా?" అని అడిగాడు.

"లేదు."

"స్విచ్ కూడా ఎయ్యలేదా? లైట్లు వెలగలేదా?"

"బీగం నా చేతిలోనే ఉండాదప్పా," అని గుప్పిట విప్పి చూపించాను. చెమటకు అది తడిసి ఉంది.

అతని మొహం విచ్చుకుంది. "అయితే సగం పని మీరే చేసేసినారు. శానామంది తోలుకోని పోయి, బండి నిలబడినాక నన్ను పిలుస్తారు. డీజిల్ బండికి డీజిలే నూనె మాదిరి అమ్మా. లోపల పంపు దాంతోనే నున్నగా తిరుగుతాది. పెట్రోల్ పోతే ఎండిపోయి అరిగిపోతాది. అప్పుడు పంపు, పైపులు అన్నీ విప్పల్ల." మేనేజరు పక్కనే నిలబడి వింటున్నాడు. మెల్లగా తల ఊపి, "మంచిదే చేసినావమ్మా," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన మొహమాటపడలేదు. ఆ తర్వాత పని అయ్యేదాకా మాతోనే ఉన్నాడు.

మునిరత్నం బీడీలు కాల్చేవాళ్ళు ఎవరూ దగ్గరికి రావద్దన్నాడు. బ్యాటరీ వైరు విప్పాడు. బండి కిందికి దూరి పైపు ఊడదీసి, ట్యాంకులోది డబ్బాల్లోకి పట్టాడు. చివరి చుక్క దాకా ఓపికగా పట్టాడు. కొంచెం మంచి డీజిల్ పోసి, ట్యాంకు కడిగినట్టు మళ్ళీ దాన్నీ దించేశాడు. ఎందుకైనా మంచిదని ఫిల్టర్ కూడా మార్చాడు. నేను కుర్చీలో కూర్చోలేదు. పక్కన గొంతుక్కూర్చుని పట్టుకోమన్నది పట్టుకున్నాను, అందివ్వమన్నది అందిచ్చాను. నా చేతులు, చీర, జడ కొస అంతా ఆ వాసనే. డబ్బాల్లోదాన్ని ఏం చేస్తావని అడిగితే, నేల మీద పోయకూడదనీ, పనిముట్లు కడుక్కోవడానికి షెడ్డులో వాడతాననీ చెప్పాడు. తర్వాత ట్యాంకులో డీజిల్ పోయించి, ముందు బానెట్ కింద చేతిపంపు నొక్కుతూ పైపుల్లోకి డీజిల్ ఎక్కించాడు. బ్యాటరీ వైరు బిగించాడు. "ఇప్పుడు తిప్పండమ్మా," అన్నాడు.

తాళంచెవి పెట్టాను. చెయ్యి రాలేదు. పొద్దుటినుంచి తిప్పకూడదు తిప్పకూడదు అనుకుని అనుకుని, ఇప్పుడు తిప్పమంటే వేళ్ళు మొరాయించాయి. మునిరత్నం నవ్వి, "ఏమీ కాదు, తిప్పండి," అన్నాడు. తిప్పాను. ఇంజన్ దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాను. రెండుసార్లు వణికి, ఒక్కసారిగా అందుకుంది. తర్వాత ఆ శబ్దం ఎంత నిలకడగా వచ్చిందంటే, బంకులో అందరూ మాటలు ఆపి విన్నారు. మునిరత్నం కాసేపు చెవి పెట్టి విని, చేతులు తుడుచుకున్నాడు.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. పక్క సీటు ఖాళీగా ఉంది. కృష్ణగిరికి నేనొక్కదాన్నే నడపాలి.

మా ఆయనకు ఫోన్ చేసి, బండి బాగైందని చెప్పాను. "నేను బస్సులో వస్తాను, ఆడే ఉండు," అన్నాడు. "వద్దు, వాళ్ళు కాచుకోని ఉంటారు. నేను పోతాను," అన్నాను. హైవే మీదికి ఎక్కాను. కాసేపటికి గమనించాను, నా మెడ బిగుసుకోలేదు. లారీలు పక్కనుంచి పోతున్నాయి, పోనీ అనుకున్నాను. దూరంగా కృష్ణగిరి కొండ కనిపించింది. చిన్నప్పుడు కావేరిపట్టణం నుంచి మా నాన్నతో బస్సులో వచ్చేటప్పుడు ఆ కొండనే కిటికీలోంచి చూసేదాన్ని. ఇప్పుడు అదే కొండ ఎదురుగా, అద్దం నిండా. ఊళ్ళోకి వచ్చేసరికి మండీల ముందు మామిడికాయల బండ్లు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్యలోంచి, బస్సుల మధ్యలోంచి, ఎక్కడా ఎవరికీ తగలకుండా కలెక్టరాఫీసు గేటు దాకా వెళ్ళాను. బండి ఆపి, చేతులు స్టీరింగు మీదే ఉంచి కాసేపు కూర్చున్నాను. నా పెదాలు నా మాట వినకుండా నవ్వుతున్నాయి.

వరండాలో రుక్మిణమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది. పక్కన సుమతి. దాని మొహం చూస్తేనే పని అయిపోయిందని తెలిసింది. రుక్మిణమ్మ నా వెనక చూసింది, కారులోకి చూసింది.

"బండి ఎవురు తెచ్చినారు?"

"నేనే పెద్దమ్మా."

"ఒక్కదానివేనా?"

"ఊఁ."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. మరకల చీర, జిడ్డు చేతులు, చెదిరిన జుట్టు. మెచ్చుకుంటుందనుకున్నాను. "సుమతీ, బిడ్డను ఎత్తుకో. నాకు కాళ్ళు తిమ్మిరెక్కినాయి," అని లేచి నిలబడి, నా భుజం మీద చెయ్యి వేసింది. "పద, కాఫీ తాగుదాం. ఈ పొద్దు నాకు రెండు కాఫీలు కావల్ల," అంది. ఆ చెయ్యి హోటలు దాకా తీయలేదు.

తిరిగొచ్చేటప్పుడు నేనొక మాట అడిగాను. వీధిలో ఎవరికీ చెప్పొద్దు పెద్దమ్మా, తెలిస్తే నవ్వుతారు, మిగతా ఆడవాళ్ళను కూడా నీ దగ్గరికి పంపరు అని. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "చూద్దాంలే," అంది. మరుసటి రోజు సాయంత్రం శెట్టిగారి అంగడి ముందు జనం పోగైన వేళ, ఆమె వక్కాకు కొనుక్కుంటూ, తానే మొదలుపెట్టింది. "నిన్న నేనేం చేసినానో తెలుసునా? డీజిల్ బండికి పెట్రోల్ పోయించినాను." మొదలునుంచి చివరిదాకా, జీపు సంగతితో సహా చెప్పింది. ఎవరికైనా అలా అయితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పింది. నేను తలదించుకుని నిలబడ్డాను. నవ్వు కోసం ఎదురుచూశాను. నవ్వు రాలేదు. శెట్టిగారు త్రాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"అదే అమ్మా, మా డెలివరీ వ్యానుకు కూడా ఒకసారి నేనే అట్ల పోయించినా. ఎవురికీ చెప్పలేదు. రాయకోట దాకా తోలుకోని పోయినా. దోవలోనే నిలిచిపోయింది."

లోపలినుంచి శెట్టిగారి భార్య తల బయటపెట్టింది. "ఆ వ్యాను మంచిది కాదు, దృష్టి తగిలిందని అమ్మేసినావే! అదా సంగతి?"

అప్పుడు వచ్చింది నవ్వు. వీధి వీధంతా నవ్వింది. అందరికంటే గట్టిగా శెట్టిగారే నవ్వారు. ఎన్నేళ్ళుగానో మోస్తున్న మూట దింపినట్టు కనిపించారు ఆ పూట. ఆ తర్వాత వారంలోనే తన కోడల్ని రుక్మిణమ్మ దగ్గరికి డ్రైవింగుకు పంపారు. పిల్లల్ని లోపలికి రమ్మని కేకలు వేయడం మానేశారు. మా ఆయన ఆదివారాలు ఆమె కారు అడిగి తెచ్చి, నన్ను నడపమని తాను పక్కన కూర్చునేవాడు. బొమ్మల కొలువు మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నాళ్ళకు నేను గులాబీ తోటల ఆఫీసులో పనికి చేరాను. ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. ఒకసారి పూలు దాచే చల్లగది తలుపు సరిగ్గా వేయలేదని ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి చెప్పింది. ఎవరు చేశారని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ముందు తలుపు వేయించాను, పాడైనవాటిని వేరు చేయించాను. చాలా పూలు దక్కాయి. ఆ అమ్మాయి వెంటనే వచ్చి చెప్పింది కాబట్టి దక్కాయి. నేను కేకలు వేసే మనిషినైతే ఆమె సాయంత్రం దాకా చెప్పేది కాదు. ఇలాంటివి నాకు ఎవరూ పాఠంలా చెప్పలేదు. రుక్మిణమ్మ పక్కన ఉండి చూశాను, అంతే.

కంటి చూపు మందగించాక ఆమె బండి నడపడం మానేసింది. బాధపడలేదు. "శానా తోలినాను, ఇంక కూర్చుంటాను," అంది. ఆ డీజిల్ బండిని మేమే తీసుకున్నాం. ఎక్కడికి వెళ్ళాలన్నా నన్ను పిలిచేది. సుమతి ఇప్పుడు కావేరిపట్టణం పక్కన ఆసుపత్రిలో నర్సు. అది సొంత ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి రుక్మిణమ్మనే ముందు గడప దాటించాలని పట్టుబట్టింది. నేను తీసుకెళ్ళాను. భోజనాలయ్యాక, మధ్యాహ్నం ఎండలో తిరిగి బయలుదేరాం. దారిలో ఏదో చెప్తూ చెప్తూ, కృష్ణగిరి దాటాక ఆమె మాట ఆగిపోయింది. చూస్తే, తల సీటుకు ఆనించి నిద్రపోతోంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎవరి బండిలోనూ ఆమె కునుకు తీయలేదట. నర్సు నిద్రపోతే డ్రైవరు కూడా నిద్రపోతాడని భయమట. మాస్టరుగారే నాకు ఒకసారి చెప్పారు. అలాంటి మనిషి నా పక్కన, నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లలా నిద్రపోయింది. నేను ఏసీ తగ్గించాను. గుంతలొస్తే ముందే నెమ్మదించాను. హారన్ కొట్టలేదు. హోసూరులో ఇంటి ముందు ఆపాక కూడా లేపబుద్ధి కాక, ఇంజన్ ఆపకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.

మరుసటి ఏడు ఆమె పోయింది. మనుషులు చుట్టూ ఉండగా, ఇబ్బంది పడకుండా పోయింది. నన్ను ఎవరైనా నీ డ్రైవింగు చాలా మెత్తగా ఉంటుందంటే, నవ్వి ఊరుకుంటాను. నిజమేమిటంటే, ఎడమ సీట్లో ఆమె నిద్రపోతున్నట్టే నేను ఇప్పటికీ బండి నడుపుతాను.